మూడో కుట్టు

అక్క కొట్లోకి రావడమే పరీక్ష పాసైన పిల్లలా వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ కవరు, ఆ కవర్లో రిపోర్టు. దర్జీ అప్పుడు ఎవరిదో కోటు చేతికి లైనింగు ఎక్కిస్తున్నాడు. సూది గుడ్డలో గుచ్చి, కళ్లజోడు పైనుంచి చూశాడు.

“ఒకటి పాయింట్ నాలుగురా తమ్ముడూ!” అంది గుమ్మంలోంచే.

“కూర్చో అక్కా, ముందు ఊపిరి తీసుకో. బావేడి?”

“వస్తున్నాడు. విన్నావా, ఒకటి పాయింట్ నాలుగు! మొదట రెండు పాయింట్ ఒకటి ఉండేది. తర్వాత ఒకటి పాయింట్ ఏడైంది. ఇప్పుడిదీ. కింద శాతం కూడా వేశారు చూడు, అప్పట్లో కిడ్నీలు ముప్పై రెండు పాళ్లు పనిచేస్తున్నాయన్నారా, ఇప్పుడు యాభై ఒకటి. ల్యాబు అమ్మాయి కూడా ‘ఏం చేశారండీ’ అని అడిగింది.”

ఆ నంబరు పేరు క్రియాటినిన్. అది పెరిగితే కిడ్నీలు చతికిలబడ్డట్టు, తగ్గితే తేరుకున్నట్టు. పది నెలలుగా అక్క ఇంట్లో పొద్దు పొడవడం, గుంకడం అంతా ఆ నంబరు చుట్టూనే. దర్జీకి దాని సంగతి అంతకు మించి తెలియదు. తగ్గిందంటే అతనికీ సంతోషమే. రిపోర్టు అందుకుని, అర్థమైనట్టు తలాడించి, గుండీల డబ్బా పక్కన జాగ్రత్తగా పెట్టాడు.

బావ వీధి చివర కనిపించాడు. మందుల షాపు దగ్గర ఒకసారి ఆగాడు. చెప్పుల కొట్టు దగ్గర మరోసారి ఆగి, చెప్పుల్ని చూస్తున్నట్టు నిలబడ్డాడు. బావకి చెప్పుల మీద మోజు లేదని దర్జీకి తెలుసు. పూర్వం ఈ వీధిలో బావ ముందు, అక్క పదడుగులు వెనక, “కాస్త నెమ్మదిగా నడవండి” అంటూ వచ్చేవాళ్లు. ఇప్పుడు అక్క వచ్చి కూర్చుని, మంచినీళ్లు తాగి, ఫ్యాను పెంచమని అడిగి, రిపోర్టు రెండోసారి చదివి వినిపించాక గానీ ఆయన గుమ్మం ఎక్కలేదు.

“ఏరా కత్తెరా, మీ అక్క ఊరంతా దండోరా వేసిందా?”

“వేసింది బావా. ఫస్టు క్లాసులో పాసయ్యావట.”

“పాసైంది ఆవిడరా. నేను ఆవిడ పరీక్ష రాసిన కాగితాన్ని.” బావ స్టూలు మీద రెండు చేతులూ ఆనించి, మెల్లగా కూర్చున్నాడు. నలభై ఏళ్లు లారీ టైర్లు విప్పి బిగించిన మనిషి. ఒకప్పుడు ఈ కొట్లో స్టూలు మీద ఆయన కూర్చుంటే స్టూలు మూలిగేది. ఇప్పుడు ఆయన మూలిగాడు, స్టూలు ఊరుకుంది.

అక్క సంచీలోంచి ఒక ప్యాంటు, ఒక కొత్త గుడ్డ తీసింది. లేత బూడిద రంగు గుడ్డ, సన్నని గీత. “ఈ ప్యాంటు మళ్లీ కాస్త నడుం దగ్గర పట్టించు. ఈ గుడ్డతో చొక్కా కుట్టు. గురువారం డాక్టరమ్మ దగ్గరికి కొత్త చొక్కాతో వెళ్లాలి. పది నెలల కష్టం, మంచిగా కనబడొద్దూ?”

“కష్టం ఎవరిదో చెప్పు,” అన్నాడు బావ. “రాయిని కూడా రెండుసార్లు ఉడకబెట్టి నీళ్లు పారబోసే మనిషి మీ అక్క. నన్ను నూరేళ్లు బతికిస్తుందిరా. ఆకలితో.”

“చూశావా, ఎప్పుడూ ఇదే ఎత్తిపొడుపు,” అంది అక్క. కానీ నవ్వుతూనే అంది. ఆ రోజు ఆమెకి దేనికీ కోపం వచ్చేలా లేదు.

దర్జీ మెడలోంచి టేపు తీశాడు. “లే బావా, కొలతలు తీస్తాను.”

బావ లేవబోయాడు. మోకాళ్ల మీద చేతులు పెట్టి ముందుకు వంగాడు, సగం లేచాడు, మళ్లీ కూలబడ్డాడు. “ఈ స్టూలు పొట్టిదైందిరా,” అన్నాడు. రెండోసారి కటింగ్ బల్ల అంచు పట్టుకుని లేచాడు. అక్క రిపోర్టు మడిచి కవర్లో పెట్టుకుంటోంది. ఆమె చూడలేదు.

భుజం పదిహేడు. ఛాతీ ముప్పై ఆరు. మోచేతి పైన చెయ్యి చుట్టూ టేపు చుట్టినప్పుడు దర్జీ వేళ్లు ఒక క్షణం ఆగాయి. మళ్లీ చుట్టాడు. పది. టేపు జారిందేమో అని మూడోసారి చుట్టాడు. పదే. చొక్కా కింద ఆ చెయ్యి వెదురు కర్ర మీద ఆరేసిన గుడ్డలా వదులుగా కదిలింది.

అతను పుస్తకం తీశాడు. దర్జీకి ఒక అలవాటుంది. మనిషికొక పేజీ. కొత్త కొలత వస్తే పాతది చెరపడు, ఒక గీత కొట్టి పక్కన కొత్తది రాసి తేదీ వేస్తాడు. బావ పేజీలో చెయ్యి కొలత పదమూడున్నర అని ఉంది, నాలుగేళ్ల కిందటిది. ఛాతీ నలభై ఒకటి. దర్జీ గీతలు కొట్టి, పక్కన కొత్తవి రాశాడు. ఏమీ అనలేదు.

అనకపోవడం అతని వృత్తి. పని నేర్పిన మాస్టారు మొదటి రోజే చెప్పాడు: “కొలత పుస్తకానికి చెప్పు, మనిషికి చెప్పకు.” లావెక్కావు, బక్కచిక్కావు, గూని వచ్చింది, ఒక భుజం కిందికి జారింది, ఇవేవీ దర్జీ నోట రాకూడదు. ఒంటి లోపం గుడ్డతో సర్దేయాలి. గూని ఉంటే కాలరు వెనక కాస్త ఎత్తాలి. భుజం జారితే లోపల మెత్త పెట్టాలి. మనిషి అద్దంలో చూసుకుని ‘ఫరవాలేదు, బాగానే ఉన్నాను’ అనుకుంటూ ఇంటికి పోవాలి. యాభై ఏళ్లుగా అతను అదే చేస్తున్నాడు, అందులో అతనికి పేరు కూడా ఉంది.

“ఏమంటోందిరా నీ టేపు?” అని అడిగాడు బావ.

“చొక్కా రేపు ట్రయల్‌కి తెస్తానంటోంది,” అన్నాడు దర్జీ.

సాయంత్రం కొట్లో జనం పలచబడ్డాక అతను ప్యాంటు ముందేసుకున్నాడు. ప్యాంటు నడుము పట్టించడం చిటికెలో పని. వెనక మధ్య కుట్టు విప్పి, రెండు పక్కలా గుడ్డ లోపలికి లాగి, మళ్లీ కుట్టేయడమే. తిరగేసి చూస్తే లోపల రెండు గీతలున్నాయి. ముప్పై ఆరు నుంచి ముప్పై నాలుగుకి తెచ్చినప్పటిది ఒకటి. ముప్పై రెండుకి తెచ్చినప్పటిది మరొకటి. రెండూ అతని చేతి కుట్లే. ఇప్పుడు ముప్పైకి తేవాలి.

సుద్దతో మూడో గీత గీసి, ప్యాంటు బయటి వైపు తిప్పి చూశాడు. వెనక జేబులు రెండూ దాదాపు ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి. ఇక సర్దడానికి చోటు లేదు. జేబులు విప్పి పక్కలకి జరిపితే తప్ప ఎవరైనా ఇట్టే కనిపెట్టేస్తారు. జేబులు ఎలా జరపాలా అని అతని చేతులు అప్పటికే ఆలోచించడం మొదలుపెట్టాయి. బ్లేడు తీసి జేబు అంచు మీద పెట్టాడు కూడా.

అప్పుడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నేనేం చేస్తున్నాను, అనుకున్నాడు.

ఈ పది నెలల్లో మూడు చొక్కాలకి భుజాలు లోపలికి తెచ్చాడు. కాలర్లు విప్పి అరంగుళం చొప్పున తగ్గించాడు, మెడ సన్నబడ్డ సంగతి తెలియకుండా. చేతులు పొట్టి చేశాడు. అడగకుండానే, బావ మీద అభిమానం కొద్దీ, నిద్రపోయే ముందు రేడియో వింటూ చేశాడు. ఆ బట్టలు వేసుకుని బావ డాక్టరమ్మ ముందు కూర్చుంటే ఆవిడకి కనబడింది ఏమిటి? చక్కగా ఒంటికి అతుక్కున్న చొక్కాలో ఒక ముసలాయన. చేతిలో మంచి నంబరు. మనిషి పదమూడున్నర నుంచి పదికి వస్తుంటే, ఆ మూడున్నర అంగుళాలూ ఎక్కడికి పోయాయో ఎవరూ అడగకుండా కుట్టి పెట్టింది తనే.

దర్జీ ఆ ప్యాంటు కుట్టలేదు. మడిచి పక్కన పెట్టి, చొక్కా గుడ్డ పరిచాడు. దాన్నీ కత్తిరించడానికి చెయ్యి రాలేదు. ఏ కొలతకి కత్తిరించాలి? చివరికి ఒక పాత గుడ్డకి చేత్తో వదులుగా టాకాలేసి, చొక్కా నమూనా మాత్రం చేసుకుని షట్టరు దించాడు.

*

మర్నాడు మధ్యాహ్నం నమూనా పట్టుకుని అక్క ఇంటికి వెళ్లాడు. వంటింట్లో బల్ల మీద చిన్న త్రాసు, గోడకి ఆసుపత్రివాళ్లిచ్చిన కాగితం అతికించి ఉన్నాయి. కాగితం మీద ఒక పక్క తినదగినవి, మరో పక్క ‘తగ్గించవలసినవి’. రెండో పక్కనున్న గుడ్డు, చేప, మాంసం, పప్పు, పాలు అన్నిటి మీదా అక్క ఎర్ర పెన్నుతో అడ్డంగా గీత కొట్టింది.

“తగ్గించమన్నారు కదక్కా, నువ్వు కొట్టేశావేంటి?”

“తగ్గిస్తే మంచిదైతే మానేస్తే ఇంకా మంచిది కాదూ? మానేశాకే కదా నంబరు దిగింది.”

నంబరు దిగిన మాట నిజమే.

బావ కంచంలో కాస్త అన్నం, కిడ్నీలకి పడని లవణాలు పోవాలని ఉడికించి నీళ్లు వంపేసిన కూర ముక్కలు. రంగు, వాసన అన్నీ ఆ నీళ్లతోనే పోయాయి. ఎదురుగా అక్క కంచంలోనూ అవే ముక్కలు.

“నీకేమొచ్చిందక్కా? నీ కిడ్నీలు బాగానే ఉన్నాయిగా.”

“ఆయన ఇవి తింటుంటే నేను చేప ముక్క కొరుక్కుంటూ కూర్చోనా? గొంతు దిగుతుందా?” అంది ఆమె. ఆ మాటలో గొప్పేమీ లేదు, ఉన్న సంగతి చెప్పినట్టు చెప్పింది.

బావ నాలుగు ముద్దలు తిని ఆగాడు. మాత్రల సీసా అందుకుని మూత తిప్పబోయాడు. తిరగలేదు. లారీ చక్రం బోల్టుల్ని ఒంటి చేత్తో వదులు చేసిన మనిషి ఆ ప్లాస్టిక్ మూతని చొక్కా అంచుతో పట్టుకుని తిప్పాడు, అయినా తిరగలేదు. అక్క నీళ్ల గ్లాసు పెడుతూ, మాటల మధ్యలోనే ఆ సీసా తీసుకుని మూత విప్పి ఆయన ముందు పెట్టింది. ఏం చేసిందో ఆమెకే తెలియదు, అంత అలవాటైపోయింది.

“అక్కా, బావ బాగా చిక్కిపోయాడు,” అన్నాడు దర్జీ.

యాభై ఏళ్లలో అతను ఒక మనిషి ఒంటి గురించి అన్న మొదటి మాట అది. అనగానే నాలుక్కరుచుకున్నాడు, పాత అలవాటు.

అక్క చెయ్యి ఆగింది. “డెబ్భై ఎనిమిదేళ్లకి ఎవరు చిక్కరు? ఒళ్లు తేలికైతే కిడ్నీలకి బరువు తగ్గుతుంది.”

“చెయ్యి మూడున్నర అంగుళాలు…”

“ఒరేయ్, నువ్వు డాక్టరువా? నీ పని బట్టలు కుట్టడం, కుట్టు.” గొంతు పెరిగింది. “పక్క వీధి కంసాలాయన వారానికి మూడుసార్లు రక్తం కడిగే ఆ డయాలసిస్ మిషను పక్కన పడుకుంటున్నాడు. చెయ్యంతా సూది పోట్లు. మొదటి నంబరు వచ్చినప్పుడు మీ బావకీ అదే రాసిపెట్టి ఉందన్నారు అందరూ. నేను పది నెలలు ఒక్క పూట తప్పకుండా ఉప్పు తూచాను, ముక్క తూచాను, నంబరు దింపాను. ఇప్పుడొచ్చి చిక్కిపోయాడంటావా?”

దర్జీ తల దించుకున్నాడు. అక్కకి ఈ లోకంలో ఆ నంబరు తప్ప సాధించింది ఇంకేమీ లేనట్టు, దాన్ని కూడా తను లాక్కుంటున్నట్టు అనిపించింది.

బావ మాత్ర మింగి, “నన్ను మధ్యలో కూర్చోబెట్టి మీ ఇద్దరూ కొట్టుకుంటే నాకు ఇంకా ఆకలేస్తోంది,” అన్నాడు.

దర్జీ నమూనా ఆయన ఒంటి మీద వేశాడు, రెండు చోట్ల గుండుసూదులు పెట్టాడు. బావ అతని చెవి దగ్గరికి వంగాడు. “ఒరేయ్, మీ అక్కని ఏమీ అనకు. నేను పోయినా ఫరవాలేదు గానీ, తన వల్ల పోయాననుకుంటే ఆవిడ బతకదు.”

బావ అప్పుడు వేళాకోళం ఆడలేదు. దర్జీకి అందుకే భయం వేసింది.

*

గురువారం ముగ్గురూ ఆసుపత్రికి వెళ్లారు. దర్జీ వస్తానంటే అక్క వద్దనలేదు గానీ దారంతా పలకరించలేదు. కొత్త చొక్కా ఇంకా తయారు కాలేదని ముందే చెప్పాడు, అది మరో కోపం. బావ పాత చొక్కాలోనే వచ్చాడు, దర్జీ సర్దిన వాటిల్లో ఒకటి. అది ఆయనకి అచ్చుగుద్దినట్టు సరిపోయింది. దర్జీకి దాన్ని చూడడం కష్టంగా ఉంది.

బయట బల్ల దగ్గర నర్సు పేరు, వయసు రాసుకుంది. “బరువు?”

“అరవై ఆరు,” అంది అక్క, పాఠం అప్పజెప్పినట్టు. నర్సు రాసేసుకుంది. వెనక పాతికమంది ఉన్నారు. బరువు చూసే మిషను ఆ మూల రెండు కుర్చీల వెనక ఉంది, దాని మీద ఎవరిదో గొడుగు.

“ఒకసారి చూడండమ్మా,” అన్నాడు దర్జీ.

“చెప్పారుగా అరవై ఆరని.”

“అది ఎప్పటిదో. చూడండి.”

కుర్చీలు జరిపారు, గొడుగు తీశారు. బావ మిషను ఎక్కడానికి దర్జీ భుజం పట్టుకున్నాడు. నంబరు కాసేపు ఊగి యాభై మూడు దగ్గర నిలబడింది.

“మిషను పాడైనట్టుంది,” అంది అక్క.

నర్సు తను ఎక్కి చూసుకుంది. మిషను పాడవలేదు. అరవై ఆరు కొట్టేసి యాభై మూడు వేసింది. అక్క ఆ కొట్టివేతనే చూస్తూ ఉండిపోయింది.

డాక్టరమ్మ నడివయసు మనిషి, మాట మెత్తన. రిపోర్టు చూసి ముఖం విప్పారింది. “చాలా బాగుందండీ. ఇలా దిగడం అరుదు. ఏం చేశారో అదే కొనసాగించండి.” మందుల చీటీ దగ్గరికి లాక్కుంది.

ఈ మాట కోసమే అక్క పది నెలలు ఎదురుచూసింది. కానీ ఇప్పుడు ఆమె నవ్వలేదు, తమ్ముడి వైపు చూసింది. ఆ చూపులో ‘ఊరుకో’ అని ఉందో, ‘చెప్పు’ అని ఉందో దర్జీకి తెలియలేదు. చెప్పమనే అయివుంటుందనుకుని సంచీ తెరిచాడు.

“అమ్మా, నేను దర్జీని. ఈయన మా బావ. ఒక్క నిమిషం ఇది చూడండి.”

ప్యాంటు తీసి బల్ల మీద తిరగేసి పరిచాడు. డాక్టరమ్మ చీటీ పక్కకి జరుపుకుంది, కాస్త చిరాగ్గానే. దర్జీ జేబులోంచి బ్లేడు తీసి, నడుము వెనక కుట్టు మీద నిలబెట్టి టకటకా విప్పాడు. కుట్టు విడిపోయి లోపల దాచిన గుడ్డ రెండు చెవుల్లా బయటికొచ్చింది. బయటి గుడ్డ ఎండకి, ఉతుకుకి వెలిసిపోయి ఉంది. లోపలి గుడ్డ కొన్ననాటి రంగులోనే ఉంది. దాని మీద పాత సూది రంధ్రాల వరసలు.

“ఇది రెండేళ్ల కిందటి నడుము. ఇది నిరుడు శీతాకాలంలో నేను పట్టించింది. ఇది నాలుగు నెలల కింద. ఈ సుద్ద గీత మొన్న మంగళవారంది.” వేలితో ఒక్కొక్కటే చూపించాడు. తర్వాత పుస్తకం తెరిచి పేజీ తిప్పి పెట్టాడు. “మెడ, ఛాతీ, చెయ్యి, అన్నీ తేదీలతో ఉన్నాయి. చొక్కాలు కూడా నేనే చిన్నవి చేశానమ్మా. అందుకే ఈయన మీకు బాగానే ఉన్నట్టు కనబడుతున్నాడు. మీరు తగ్గించమన్న గుడ్డు, పప్పు, చేప ఈయన పది నెలలుగా ముట్టడమే లేదు.”

డాక్టరమ్మ పుస్తకం దగ్గరికి తీసుకుంది. రిపోర్టు చదివినట్టే చదివింది, పైనుంచి కిందికి. నర్సు రాసిన చీటీలో బరువు చూసింది. లేచి బావ దగ్గరికి వచ్చి తన రెండు వేళ్లు ఆయన చేతిలో పెట్టింది. “గట్టిగా నొక్కండి.”

“నొక్కుతున్నానమ్మా,” అన్నాడు బావ.

“చేతులు కట్టుకుని, దేన్నీ పట్టుకోకుండా కుర్చీలోంచి లేవండి.”

బావ చేతులు కట్టుకున్నాడు. ముందుకు వంగాడు. మెడ నరాలు బిగిశాయి, మడమలు నేలకి నొక్కుకున్నాయి. లేవలేదు. మళ్లీ ప్రయత్నించాడు. అక్క ఆయన్ని పది నెలల్లో మొదటిసారి చూస్తున్నట్టు చూసింది.

“చాలు, కూర్చోండి,” అంది డాక్టరమ్మ. తనూ కూర్చుంది. కాసేపు పెన్ను మూత తీస్తూ, పెడుతూ ఉంది. “ఈ క్రియాటినిన్ ఎక్కణ్నుంచి వస్తుందంటే, కండల్లోంచి. అక్కణ్నుంచి రోజూ కొంత రక్తంలోకి వస్తుంటుంది, కిడ్నీలు బయటికి పంపేస్తుంటాయి. కిడ్నీలు నెమ్మదిస్తే అది రక్తంలో పేరుకుని నంబరు పెరుగుతుంది. కానీ కండే తగ్గిపోతే అసలు వచ్చేదే తగ్గిపోతుంది. కిడ్నీలు బాగుపడకపోయినా నంబరు దిగుతుంది.”

బావ ఆలోచించాడు. “అంటే, కొట్టుకి బళ్లు రావడం మానేస్తే, పంక్చర్లు తగ్గాయని నేను సంబరపడ్డట్టు.”

“సరిగ్గా అదే,” అంది డాక్టరమ్మ. “తప్పు నాది కూడా. నేను కాగితం చూశాను, మనిషిని చూడలేదు. కండతో పెద్దగా సంబంధం లేని రక్తపరీక్ష ఇంకోటుంది, ఈరోజే చేయిద్దాం. తిండి మాత్రం ఇవాళే మార్చాలి. గుడ్డు, పప్పు లాంటివి తగ్గించమన్నది కొంచెమే, మొత్తం మానేస్తే కండే కరిగిపోతుంది. ఈ వయసులో, ఇలా చిక్కిపోతున్న మనిషికి అది కూడా పనికిరాదు.”

అక్క చీర కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. చివరికి, “అయితే ఆయన్ని నేనే…” అంది.

“నువ్వొక్కదానివే కాదక్కా,” అన్నాడు దర్జీ. “నువ్వు తెలియక చేశావు. నాకు కనబడుతూనే ఉంది. కొలిచాను, రాశాను, కుట్టి దాచాను. నోరు కూడా కుట్టేసుకున్నాను.” అతని కళ్లల్లో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు.

“మీ ఇద్దరూ తప్పులు పంచుకోవడం అయితే,” అన్నాడు బావ, “గుడ్డు ఎప్పుడు తినొచ్చో ఆ అమ్మని ఎవరైనా అడుగుతారా?”

“ఈ పూటే,” అంది డాక్టరమ్మ.

*

శుక్రవారం సాయంత్రం రెండో పరీక్ష ఫలితం ఫోన్లో చెప్పారు. వందకి ఇరవై తొమ్మిది. పాత కాగితం మీది యాభై ఒకటి ఉత్తిదే. కిడ్నీలు బాగుపడనూ లేదు, పది నెలల్లో కూలిపోనూ లేదు. మొదటి రోజు ఎక్కడున్నాయో ఇంచుమించు అక్కడే కూర్చున్నాయి. మరి ఎన్నాళ్లు అని అక్క అడిగిందట. “ఆ లెక్క ఏ కాగితం మీదా ఉండదమ్మా,” అని డాక్టరమ్మ అందట. “ఈ వయసులో చాలామందిని ముందు పడగొట్టేది నీరసం. ఒకసారి జారి పడితే మంచం, మంచంలో ఒక జ్వరం. కిడ్నీలు మెల్లగా నడుస్తున్నాయి, వాటిపై కన్నేసి ఉంచుదాం. మనం మనిషిని నడిపిద్దాం.”

ఇదంతా అక్క శనివారం పొద్దున్న కొట్లో కూర్చుని చెప్పింది. ఈసారి ఆమె చేతిలో రిపోర్టు లేదు. బావతో పాటే వచ్చింది, ఆయన ఆగినచోటల్లా ఆగి. చెప్పుల కొట్టు దగ్గర ఇద్దరూ చెప్పులు చూశారు.

“గోడ మీద కాగితం చింపేశాను,” అంది. “ఉప్పు మాత్రం తూస్తున్నాను, అది తూచమంది. రోజుకి పదిసార్లు కుర్చీలోంచి లేపమంది. లేపుతుంటే తిడుతున్నాడు.”

“గుడ్డు పెట్టి తిట్టించుకుంటోందిరా,” అన్నాడు బావ. “న్యాయమైన బేరమే.”

దర్జీ ప్యాంటు అందించాడు. అక్క అలవాటుగా తిరగేసి నడుము వెనక చూసింది. మూడో గీత మీద మిషను కుట్టు లేదు. తెల్ల దారంతో పొడుగ్గా, వదులుగా చేత్తో వేసిన టాకాలు ఉన్నాయి. పిల్లలు వేసినట్టు, నవ్వొచ్చేలా. బయటికి కూడా కనబడుతున్నాయి.

“ఇదేంట్రా, సగంలో వదిలేశావు?”

“పూర్తయిందక్కా. ఈసారి అంతే. దారం కొస పట్టి లాగితే వచ్చేస్తుంది, బ్లేడు కూడా అక్కర్లేదు.”

“అందరికీ కనబడుతుంది.”

“కనబడనీ.”

తర్వాత చొక్కా ఇచ్చాడు. బావ వేసుకున్నాడు. భుజాలు కాస్త కిందికి దిగాయి, మెడ దగ్గర రెండు వేళ్లు దూరేంత చోటు. ముప్పై ఆరు ఛాతీకి ముప్పై తొమ్మిది కత్తిరించాడు దర్జీ. పేరున్న చేతుల్లోంచి అంత వదులు చొక్కా ఎప్పుడూ బయటికి రాలేదు. అద్దంలో బావ తనని తాను చూసుకున్నాడు. చాలాసేపు చూసుకున్నాడు. చక్కగా సరిపోయే చొక్కాల్లో ఆయనకీ కనబడని మనిషి ఇందులో కనబడ్డాడు కాబోలు, నవ్వలేదు.

“నిండుతానంటావా?” అని అడిగాడు.

“తెలీదు బావా. నెలకోసారి వచ్చి నిలబడు, కొలిచి చెప్తాను. పైకి చెప్తాను.”

అక్క ప్యాంటు మడుస్తోంది. ఆమె మణికట్టు మీద గాజు మోచేతి దాకా జారి, మళ్లీ కిందికొచ్చింది. దర్జీ దాన్నే చూస్తున్నాడు. పుస్తకంలో వెనక్కి తిప్పి, మూడేళ్ల కింద ఆమెకి చలికోటు కుట్టినప్పటి పేజీ తీశాడు.

“అక్కా, ఇటు వచ్చి నిలబడు.”

“నాకెందుకురా? నేనేం కుట్టించుకోవట్లేదుగా.”

“ఏమీ కుట్టను. నిలబడు.”

ఆమె బావ వైపు చూసింది. ఆయన స్టూలు మీద కూర్చుని చేతులు కట్టుకున్నాడు. “నిలబడవే,” అన్నాడు.

ఆమె నిలబడింది, బడిపిల్లలా బిడియంగా, చేతులు రెండు పక్కలకీ వదిలేసి. దర్జీ టేపు ఆమె చెయ్యి చుట్టూ చుట్టి, పట్టుకుని, చూశాడు. పక్కనే తెరిచిన పేజీలో పాత అంకె ఉంది. గొంతు ఒకసారి సవరించుకున్నాడు.

“పన్నెండు ఉండేది,” అన్నాడు. “ఇప్పుడు తొమ్మిదిన్నర.”

అక్క తన చేతినే చూసుకుంటోంది, ఎవరిదో అన్నట్టు.

బావ మోకాళ్ల మీద చేతులు ఆనించి, ముందుకు వంగి, మెల్లగా లేచాడు. బల్ల పట్టుకోలేదు. లేచి వెళ్లి ఆమె పక్కన నిలబడ్డాడు.

“ఈ రోజు నుంచి రెండు గుడ్లు ఉడకబెట్టు,” అన్నాడు.